దగ్గు చంటిదానికి, కషాయం నాకు

పొడిదగ్గుతో చంటిది పాలు తాగలేక ముఖం తిప్పేసుకున్నప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. చింతామణి నుంచి బాగేపల్లి వెళ్ళే బస్సు, పెట్రోలుకు బదులు బొగ్గుల పొయ్యితో నడిచే ఆ రోజుల బస్సు, దారిలో ఆగిపోయింది. పొయ్యి మళ్ళీ రాజేసేదాకా కదలదన్నారు. పెద్దపిల్లలు వాళ్ళ నాన్నతో బస్సులోనే ఉన్నారు. పక్కన కూర్చున్న రైతు ఇంటి పెద్దావిడ నన్ను రోడ్డు పక్కనే ఉన్న తన ఇంటికి తీసుకెళ్ళింది. శొంఠి, అతిమధురం పొడి కొట్టి, తులసి ఆకులు, బెల్లం వేసి కాచింది. కాస్త చల్లారాక లోటా నాకిచ్చింది. నేను ఉగ్గుగిన్నె కోసం వెతికాను.

“యాడ చూస్తాండావమ్మా? నువ్వే తాగు.”

“దగ్గు పాపకండీ మామ్మగారూ, నాకు కాదు.”

“నాకేం చెవుడా? బిడ్డ తాగేది నీ పాలే గదా. మా పక్క తల్లికే పోస్తాము.”

“మా గుంటూరులో బిడ్డకే పోస్తాం.”

“ఇంత పసిదాని నోట్లో శొంఠి కారమా? బాగుండాది మీ గుంటూరు!”

లోటా ఎత్తి తాగేశాను. మిగిలిన పొడి ఆవిడే నా కొంగున కట్టింది. బాగేపల్లి చేరేలోగా పాప పాలు తాగింది. కషాయం పనిచేసిందో, ఆకలే దగ్గును ఓడించిందో, నా కాలేజీ చదువుకు అందలేదు.

తెల్లవారి పెద్దపిల్లలు, “చెల్లికి మందు పోశావా అమ్మా?” అని అడిగారు.

“నేను తాగానురా. చెల్లి మళ్ళీ దగ్గితే నన్ను పిలవండి, ఇంకోసారి తాగుతాను” అన్నాను.