రాజవ్వ రొండిన దోపిన ఫ్యూజు

టెస్లా కాయిల్ మెరుపు కొట్టిన ప్రతిసారీ మా ల్యాబు నిండా ఒక ఘాటైన వాసన కమ్ముకుంటుంది. పిల్లలు ముక్కులు మూసుకుంటారు. నాకు మాత్రం సిరిసిల్లలో మోటార్లకు తీగ చుట్టే నర్సయ్య కాక దుకాణం గుర్తొస్తుంది. కోరుట్ల కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి కొత్తగా చేరినప్పుడు, మూరెడు మెరుపు పుట్టించి పిల్లల చేత చప్పట్లు కొట్టించుకోవాలని నాకు మహా తొందర. పాత నియాన్ బోర్డు ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి సంపాదించి, కాయిల్ చుట్టించుకోవడానికి ఆయన దగ్గరికి వెళ్లాను. చదువుకున్నదాన్నన్న పొగరు కూడా వెంట తీసుకెళ్లాను.

మొదటి పరీక్ష రోజు మెరుపు రాలేదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు తెచ్చే వైరు వదులైంది. వోల్టేజీని పెంచి తగ్గించే వేరియాక్‌ను సున్నకు తిప్పి, వైరు బిగిద్దామని చెయ్యి చాపాను. కాక నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"సున్నకు పెట్టిన గద కాకా!"

"సున్న డబ్బ మీద రాసిండ్రు బిడ్డా. వైరుకేం ఎరుక?"

టెస్ట్ లాంపు ఒక కొసను ఆ వైరుకు, ఇంకో కొసను ఎర్తుకు ఆనించాడు. బల్బు భగ్గున వెలిగింది. ప్లగ్గులో వైర్లు తారుమారుగా బిగించింది నేనే; అందుకే సున్నలో పెట్టినా వైరులో కరెంటుంది. కాక బోర్డులోంచి పింగాణీ ఫ్యూజు ఊడదీసి, ముందు అరుగు మీద మగ్గాలకు కండెలు చుడుతున్న భార్య రాజవ్వ చేతికిచ్చాడు. ఆమె దాన్ని రొండిన దోపుకుంది. ఆ తర్వాతే నన్ను వైరు బిగించమన్నాడు. పని అయ్యాక తానే అరుగు దగ్గరికి వెళ్లి, చెయ్యి చాపి ఆమెను ఫ్యూజు అడిగి తెచ్చుకున్నాడు.

"నీ జేబుల పెట్టుకోవచ్చు గద కాకా?" అని అడిగాను, చాయ్ తాగేటప్పుడు.

కాక ముడుచుకుపోయిన రెండు వేళ్లు చూపించాడు. "ఒకనాడు నేను మోటరు ఇప్పుకోని కూసున్న. తెల్వక రాజవ్వ స్విచ్చేసింది. మూడు దినాలు బువ్వ తినలె. నీ తప్పు గాదంటె ఇనలె. గప్పటిసంది ఫ్యూజు ఆమెకే ఇస్తున్న. నా పానం నీ తాన్నే పదిలమని చెప్పినట్టు."

"ఊకో, పొల్లకు గవన్ని జెప్తవా?" అంది రాజవ్వ అరుగు మీది నుంచే. కానీ నవ్వింది.

అంతటి గురువు నాకు ఏ యూనివర్సిటీలోనూ దొరకలేదు. కాక పోయిన ఏడాది చనిపోయాడు. చూడటానికి వెళ్తే రాజవ్వ రొండిన ఉన్న ఫ్యూజు తీసి నా చేతిలో పెట్టింది.

"ఇగ నన్నెవ్వలు అడుగుతరు బిడ్డా. నువ్వు తీస్కపో."

ఆమెను పట్టుకుని ఏడ్చాను.

ఇప్పుడు మా ల్యాబు బోర్డులో ఉన్నది ఆ ఫ్యూజే. కాయిల్ మీద చెయ్యి వేసే ముందు దాన్ని ఊడదీసి, క్లాసులో అందరికంటే ఎక్కువ భయపడే పిల్లను పిలిచి ఆమె చేతికిస్తాను. పని అయిపోయాక నేనే ఆ పిల్ల దగ్గరికి వెళ్లి, చెయ్యి చాపి అడుగుతాను.