ఏడు క్యాపుల వరుస

పద్నాలుగేళ్ల ఏడు నెలలుగా ఒక బరువు మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా పేరు మీకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. మధ్యలో ఒకసారి మేడారం జాతరకు వెళ్లి నా బరువంత నిలువెత్తు బెల్లం తూచి మొక్కు ఇచ్చాను. యాభై నాలుగు కిలోలు. తిరిగి వచ్చేటప్పుడు లోపలి బరువు తులం కూడా తగ్గలేదు.

మాది కొత్తవాడ. అప్పట్లో మా ఆయనకు ఒక లారీ ఉండేది. కేసముద్రం మార్కెట్ నుంచి పత్తి తోలేవారు. ఇంజిన్ పొగ ఎక్కువైంది, విప్పి బాగుచేయాలన్నారు. షెడ్డుకు పంపితే కళ్లముందు ఉండదని ఇంటి ముందరే దింపించారు. దింపింది మెకానిక్ సారయ్య, మా ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. మూడు ఇనుప స్తంభాలు నిలబెట్టి, గొలుసు కప్పీతో అంత ఇంజిన్‌నూ పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తాడు. ఇద్దరూ పొద్దంతా తిట్టుకుంటూ, ఒక్క చాయ్ సగం సగం తాగుతూ పనిచేసేవాళ్లు. ఆ పదకొండు రోజులూ మా ఇల్లు పెళ్లిల్లులా ఉంది.

విప్పిన ప్రతిదీ నా నోటుబుక్కులో ఎక్కేది. ఏ రోజు, ఎన్ని బోల్టులు, ఏ డబ్బాలో. అడుగున తిరిగే క్రాంకు అనే ఇరుసును పట్టి ఉంచే బేరింగ్ క్యాపులు ఏడు. ఏది ఎక్కడ తీశారో అక్కడే బిగించాలి, మారితే ఇరుసు బిగుసుకుపోతుంది. సారయ్య వాటిపై సుద్దతో నంబర్లు వేశాడు. కిరోసిన్‌తో కడిగితే సుద్ద పోతుందని నేను పాత జంపఖానా పరిచి, చారకొకటి చొప్పున వరుసగా ఆరబెట్టాను.

నాలుగో రోజు మధ్యాహ్నం వాళ్లు బజారుకు పోయినప్పుడు వాన వచ్చింది. మిరపకాయలు ఎత్తినట్టే జంపఖానా నాలుగు కొసలూ పట్టి లోపలికి లాగాను. ఇనుము తడవకూడదన్నదొక్కటే తొందర. విప్పి చూస్తే కుప్ప. మొదటిది, చివరిది ఆకారాన్ని బట్టి తెలిశాయి. మధ్య అయిదూ అక్కచెల్లెళ్లలా ఒకే పోలిక. అంచనాతో పేర్చాను. పుస్తకంలో మాత్రం ఇలా రాశాను: ఏడు క్యాపులు. వరుసలో పెట్టాను.

బిగించిన రోజు సారయ్య క్రాంకు తిప్పి ఆగాడు.

"జర బిగువుగ తిరుగుతాంది వదినె. క్యాపులు గిట్ట మారినయా?"

"నా దగ్గర మారుతయా సారయ్యా? బుక్కుల చూడు."

మా ఆయన పగలబడి నవ్వారు. "అరే, మా ఆమె రాతకే వంక పెడుతున్నవారా? నీ పెండ్లి తారీఖు నువ్వు మరిచినా ఆమె మరువది."

"బుక్కుల ఉన్నంక ఇగ నేనెంత," అని సారయ్య కూడా నవ్వాడు. "కొత్త బేరింగులు గదా, నడిస్తే వదులైతది తియ్."

బండి మళ్లీ రోడ్డెక్కిన పందొమ్మిదో రోజు పత్తి లోడుతో వస్తుండగా ఇంజిన్ పట్టేసి దారిలోనే ఆగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ మా ఆయన వాడంతా వింటుండగా, సారయ్య చేతిలో పనితనం పోయిందనీ, ఇక తన బండి ముట్టవద్దనీ అన్నారు. సారయ్య పుస్తకం ఊసెత్తలేదు. నా వైపు ఒక్కసారి చూశాడు. తెలిసే చూశాడా? నేను ఆ చూపు తట్టుకోలేక వంటింట్లోకి వెళ్లి, అప్పటికే కడిగిన గ్లాసులు మళ్లీ కడిగాను.

ఆ తర్వాత ఎవరూ అతనికి ఇంజిన్ ఇవ్వలేదు. ఇప్పుడు పంక్చర్లు వేస్తాడు. మా గడప మళ్లీ తొక్కలేదు.

ఎందుకు చెప్పలేదు? తిడతారనా? నలభై ఆరేళ్ల కాపురంలో మా ఆయన నన్ను గట్టిగా మందలించింది రెండుసార్లు. భయం కాదు. నా రాతలో తప్పుండదని పదిమందిలో గొప్పగా చెప్పుకునే ఆ నవ్వు నాకు కావాలి, దాని కోసం, ఆయనకు నాకన్నా ముందు నుంచీ ఉన్న మనిషిని ఆయనకు లేకుండా చేశాను. లారీ అమ్మేసి ఎన్నాళ్లయినా, వీధిలో ఏదైనా బండి వింతగా మోగితే ఆయన చెవి రిక్కించి, "సారిగాడైతే చెప్పేటోడు," అంటారు. నేను కూరలో ఉప్పు చూసుకుంటాను.

ఈ పొద్దున ఆ పుస్తకం తీశాను. "వరుసలో పెట్టాను" కొట్టేసి, "వానకు కలిసిపోయాయి, అంచనాతో పెట్టాను, సారయ్య అడిగితే అబద్ధం చెప్పాను" అని రాశాను. నా పుస్తకాలన్నింటిలో కొట్టివేత ఇదొక్కటే.

సారయ్య దుకాణం మా గడపకు నాలుగు వందల పన్నెండు అడుగులు. ఇంకా వెళ్లలేదు. పుస్తకం మాత్రం మా ఆయన కళ్లజోడు పక్కన పెట్టాను.