దయ్యాల ఇంటికి పసుపు గడప

నాకు వరసలో నిలబడటం చేతకాదు. బ్యాంకులోనైనా, పెళ్లి భోజనాల దగ్గరైనా ముందువాళ్ల భుజాల మీదుగా తొంగి చూస్తూ, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చుకుంటూ ఉంటాను. "కాళ్ల కింద నిప్పులున్నయా బిడ్డా?" అని మా నాన్న నా చిన్నప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాడు. ఉన్నాయి కాబోలు. ఎగ్జిబిషన్ గ్రౌండుల్లో పెరిగినదానికి నిలకడ ఎక్కడి నుంచి వస్తుంది?

నాన్నది ఎగ్జిబిషన్ రైడ్ల వ్యాపారం. జెయింట్ వీల్, అటూ ఇటూ ఊగే ఓడ, పిల్లల రైలు, దయ్యాల ఇల్లు. సూర్యాపేటలో కొన్నాళ్లు, కోదాడలో కొన్నాళ్లు, మిర్యాలగూడలో కొన్నాళ్లు. ఒక ఊళ్లో విప్పి లారీలకెక్కించడం, ఇంకో ఊళ్లో దింపి బిగించడం. నేను ఇంజనీరింగ్ చదివాను. సూర్యాపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబు చూసుకునే ఉద్యోగం ఖాయమైంది కూడా. అయినా ఇవాళ చేరతాను, రేపు చేరతాను అని నాన్చుతున్నానంటే కారణం ఆ దయ్యాల ఇల్లే.

దాని మీద నాకు ప్రేమేమీ లేదు, ఉన్నదంతా ఒళ్లుమంట. రేకుల షెడ్డు, లోపల చీకటి, పట్టాల మీద నలుగురు కూర్చునే బండి. బండి మలుపు తిరగగానే ప్లాస్టిక్ అస్థిపంజరం ఊగుతుంది, స్పీకరు కెవ్వుమంటుంది, జనం పగలబడి నవ్వుతారు. సూర్యాపేటలో ఒకసారి బండి వెనక సీట్లో కూర్చుని, ముందు సీట్లో ఆడవాళ్ల మాటలు విన్నాను. నెత్తి మీద పుర్రె వేలాడుతుంటే వాళ్లు ఎవరిదో సీమంతంలో తిన్న బగారన్నం గురించి మాట్లాడుకుంటున్నారు. "ఉప్పు జర తక్కువైంది గని మంచిగనే ఉండె" అంటోంది ఒకామె. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ వారమే నాన్న తేల్చి చెప్పేశాడు. ఇక దాన్ని పాత ఇనుముకు వేసేస్తాడట.

"నవ్వేటందుకు దయ్యాల ఇల్లెందుకు బిడ్డా? ఒక జోకర్‌ను నిలవెడితే సాలదా?"

"నాకియ్యి నాయినా. నేను మారుస్త."

"కోదాడ, మిర్యాలగూడ. రెండూర్లు సూస్త. గాడ గూడ నవ్విన్రా, ఖతం. రేకులు ఇనుపకొట్టుకు, నువ్వు నీ కాలేజీకి."

సరేనన్నాను. అన్నాను గానీ ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. ఉద్యోగం చెడ్డదని కాదు. నేను స్క్రూడ్రైవర్ పట్టుకుంటే నాన్న దాన్ని ఏనాడూ పని అనలేదు. "ఆడుకుంటున్నది" అనేవాడు, అదీ ముద్దుగానే. ఆ ముద్దు నాకు గొంతులో ముల్లులా ఉండేది. ఒక్కసారైనా నేను కట్టినదాంట్లో ఆయన కూర్చోవాలి. నోరు మూసుకుని కూర్చోవాలి. నాకు కావలసింది అంతే. అయితే నాన్న మా రైడ్లు వేటిలోనూ ఎక్కడు. "వండినోనికి ఆకలుండది" అంటాడు.

అంతకుముందు హైదరాబాదులో పెద్ద పార్కులకు పోయి రైడ్లెక్కి చూశాను. అందరూ కేకలు పెడుతుంటే నేను బోల్టులు చూసుకునేదాన్ని. అక్కడి యంత్రాలు మాకు ఏడు జన్మలెత్తినా రావు. కానీ మంచి రైడ్లలో బండి కదలకముందే మనిషి లోపలికి పోయి ఉంటాడని అక్కడే నాకు అర్థమైంది. వరసలో నిలబడ్డప్పుడే బయటి లోకం కొంచెం కొంచెంగా వదిలిపోతుంది. మరి మా దగ్గరో? వరసలో నిలబడ్డవాడి ముక్కు ముందే బయటికొచ్చే తలుపు. అందులోంచి వచ్చేవాళ్లు కిసకిసలాడుతూ వస్తారు. పక్కనే మిర్చి బజ్జీల బండి, వెనక జనరేటరు మోత. ఇంక భయపడమంటే ఎవడు భయపడతాడు?

కోదాడలో బిగించేటప్పుడు బయటికొచ్చే తలుపును షెడ్డు వెనక్కి తిప్పేశాను. అస్థిపంజరాలన్నీ పీకి మూటగట్టాను. నాన్న ఆ మూట చూసి నోరెళ్లబెట్టాడు.

"ఇగ దయ్యాలేవి?"

"ఇప్పుడే లేసిపోయినయ్ నాయినా."

ఎగతాళికి అనలేదు, నా ఆలోచనే అది. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు నన్ను భయపెట్టింది ఏనాడూ పుర్రె కాదు. నేను వేయని ఫ్యాను తిరుగుతూ కనపడితే మాత్రం నా పై ప్రాణాలు పైనే పోయేవి. అందుకని షెడ్డు లోపల ఒక మామూలు ఇల్లు కట్టాను. నులక మంచం మీద దుప్పటి, దాని మధ్యలో మనిషి పడుకుని లేచిన గుంట. పక్క గదిలో అప్పుడే కట్టేసినట్టు నెమ్మదిగా ఆగిపోతున్న ఫ్యాను. వంటింట్లో ఆవిరి పోతున్న చాయ్ గ్లాసు. స్పీకరులో అరుపులు తీసేసి, అవతలి గదిలో ఎవరో గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు ఒక్కటే ఉంచాను. బండి ఏ గదికి పోయినా ఆ మనిషి ఇప్పుడే అక్కడి నుంచి వెళ్లిపోయినట్టు ఉండాలి.

ముందువైపు నిజమైన దర్వాజ కావాలనిపించింది. కోదాడ పక్కన చిలుకూరులో పాత ఇల్లు కూలగొడుతుంటే గడపతో సహా అడిగి తెచ్చుకున్నాను. బిగించాక చూస్తే గడప బోసిగా ఉంది. అది శుక్రవారం. మన చెయ్యి ఊరుకోదు కదా! పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. అందానికే పెట్టాను.

అక్కడే కొంప మునిగింది. మొదటి వరసలో ఒక పెద్దావిడ గడప దాకా వచ్చి ఆగి, చెప్పులు విడిచింది. ఆమె వెనకాల కోడలు విడిచింది, ఆ వెనక వాళ్లూ విడిచారు.

"చెప్పులు తియ్యక్కర్లేదమ్మా" అన్నాను.

"పసుపు గడప అమ్మాయ్, చెప్పులతో ఎట్టా దాటతాం?"

"ఇది దయ్యాల ఇల్లమ్మా."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "అయితే మాత్రం? ఇల్లే కదా!"

సాయంత్రానికల్లా గడప ముందు చెప్పుల గుట్ట. బయటికొచ్చే తలుపును తెలివిగా వెనక్కి తిప్పానాయె, వచ్చినవాళ్లంతా వట్టి కాళ్లతో షెడ్డు చుట్టూ పరుగు. ఒకరి చెప్పులు ఇంకొకరికి. కొత్త చెప్పులు పోయాయని ఒకాయన నా మీదే కేకలు. అంతలో ఒకామె మడమలో తెగిన వైరు ముక్క గుచ్చుకుంది. నాన్న పరుగున వచ్చి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, కాలు తనే కడిగి కట్టుకట్టాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

ఇక్కడ మా నాన్న సంగతి ఒకటి చెప్పాలి. గ్రౌండులో ఆయన చెప్పులు విడవడు. అడుగడుక్కీ మేకులు, కాళ్లకడ్డంగా కరెంటు తీగలు, వాన పడితే తడి నేల. పనివాళ్లెవరైనా వట్టి కాళ్లతో కనపడితే ఆ పూట వాళ్లకు అష్టోత్తరమే. మొదటి రోజు జెయింట్ వీల్‌కు కొబ్బరికాయ కొట్టేటప్పుడు కూడా చెప్పులతోనే కొడతాడు. "గీడ కరెంటున్నదని దేవునికి ఎర్కే" అంటాడు.

"జనాన్ని వట్టి కాళ్లతోని తిప్పుతవా? షాక్ కొడితే ఎవలు జవాబు? పీకెయ్ గా గడపను!"

ఆయన అన్నది నిజం. భయం ఉత్తుత్తిది కావాలి గానీ ప్రమాదం కూడా ఉత్తుత్తిదే అనుకుంటే ఎట్లా? తల వంచుకున్నాను. పీకడానికి మాత్రం మనసొప్పలేదు. గడప మీద గోనెపట్టా కప్పి ఊరుకున్నాను.

ఎందుకంటే ఆ మొదటి రోజు ఎవరూ నవ్వలేదు. అంత గొడవలో నాన్న గమనించలేదు గానీ నేను గమనించాను. చెప్పులు విడవగానే మాటలు తగ్గాయి. గడప తొక్కకుండా కాలెత్తి దాటారు. ఎవరింట్లోకో పిలవకుండా వచ్చినట్టు కొంగులు సర్దుకుని, బండిలో ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. పట్టా కప్పిన మర్నాటి నుంచి చెప్పులతో టకటకా లోపలికొచ్చారు. మంచం చూసి "ఎవలో ఇప్పుడే బాత్రూముకు పోయిన్రు" అని ఒకడు అనడం, అంతా ఘొల్లుమనడం. "సూసినవా?" అన్నాడు నాన్న. ఆ ఒక్క మాట నన్ను మిర్యాలగూడ దాకా తరిమింది.

మిర్యాలగూడలో లారీ దిగింది మొదలు నేను కూర్చున్నది లేదు. గాలిలో రైసు మిల్లుల ఉడికిన వడ్ల వాసన, నా ఒంట్లో నిద్రలేని మంట. దర్వాజ నుంచి వెనక తలుపు దాకా నేలకు ఎత్తుగా చెక్కలు పరిచి, పైన రబ్బరు చాపలు వేయించాను. వైర్లన్నీ పైపుల్లోంచి కప్పు మీదికి ఎక్కించాను. టెస్టరు పట్టుకుని వట్టి కాళ్లతో ఇంచి ఇంచీ నేనే తిరిగాను. ఎట్లాగూ వట్టి కాళ్లే కదా అని వంటింటి మలుపులో పాదాలకు వెచ్చటి గాలి తగిలేలా ఒక బ్లోయరు కూడా పెట్టాను. తర్వాత పట్టా తీసేసి, గడపకు మళ్లీ పసుపు రాశాను. నాన్నకు చెప్పలేదు.

ఇంకా గేట్లు తెరవని మధ్యాహ్నం పూట, ఎవరు కబురు మోశారో ఏమో, నాన్న గడ్డపార పట్టుకుని వచ్చాడు.

"నువ్వు తీస్తవా, నన్నే తియ్యమంటవా?"

"కింద చెక్కలేసిన నాయినా. వైర్లన్నీ పైకెక్కిచ్చిన. ఒక్కసారి బండిల కూసొని సూడు."

"నాకేం సూపిస్తవే? గా బండికి చక్రాలేసిందే నేను."

నన్ను పక్కకు జరిపి దర్వాజ దగ్గరికి నడిచాడు. గడ్డపార మొన గడప కిందికి ఎక్కడ దూరుతుందా అని చూస్తున్నాడు. ఆ చూపు అట్లాగే ఉంది. కింద మాత్రం ఆయన కుడికాలు చెప్పులోంచి బయటికొచ్చింది. తర్వాత ఎడమది. చెప్పు పట్టీల కింద ఎండ తగలక తెల్లగా మిగిలిన ఆ పాదాలను గ్రౌండులో చూడటం నాకదే మొదలు.

"నాయినా, సెప్పులు" అన్నాను.

ఆయన కిందికి చూసుకున్నాడు. గడ్డపారను గోడకు ఆనించి, నా మొహం చూడకుండా, గడప తొక్కకుండా కాలెత్తి లోపలికి పోయాడు.

"నడుపు" అన్నాడు బండిలోంచి.

మోటారు వేశాను. వేశాక గడప ముందు ఆయన చెప్పులు కనపడ్డాయి. వెనక తలుపు బయట ఇంకా చెక్కపేళ్లూ మేకులే. అక్కడ వట్టి కాళ్లతో దిగితే ఆయన రూలు ఆయనకే గుచ్చుకుంటుంది. ఏమీ ఆలోచించలేదు. చెప్పులు రెండు చేతుల్లో పట్టుకుని షెడ్డు చుట్టూ పరుగెత్తి, ఖాళీగా ఉండే చివరి గదిలో తలుపు ముందర వాటిని బయటికి వెళ్లే వైపు తిప్పి పెట్టి, బండి వస్తున్న చప్పుడు విని రేకు వెనక్కి దూరాను.

మేకు కంతలోంచి చూశాను. నాన్న ముందున్న కమ్మీని రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. పట్టాల చివర బండి తనంతట తనే ఆగింది. చిన్న బల్బు వెలుగులో చెప్పులు. ఆయనవే. ముందు దర్వాజ దగ్గర తన కాళ్లతో తను విడిచి వచ్చినవే. ఆయన లేవలేదు. వచ్చిన దారి వైపు తిరిగి చూశాడు. మళ్లీ చెప్పుల వైపు చూశాడు.

"ఎవలు?" అన్నాడు.

ఆ షెడ్డులో ప్రతి బోల్టూ తన చేత్తో బిగించిన మనిషి. ఆ గొంతు అంత చిన్నగా అవుతుందని నాకు తెలియదు. సంతోషంతో నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. నా కాళ్లు కదలడం లేదని అప్పుడే గమనించాను.

"బిడ్డా, ఉన్నవా?"

"ఉన్న నాయినా."

ఆయన ఊపిరి వదిలాడు. నెమ్మదిగా దిగి చెప్పులు తొడుక్కున్నాడు. తలుపు దాకా పోయి, తిరిగి చూడకుండానే అన్నాడు.

"గట్లనే పెట్టాలె రేపటి నుంచి. ఎవల సెప్పులు వాళ్లకు. పెట్టెటోళ్లు మాత్రం కనవడొద్దు."

అని బయటికి పోయాడు. కాసేపటికి దర్వాజ వైపు పోయి చూస్తే, గడ్డపార అక్కడ లేదు. గడప ఉంది.