మా పిల్లరు సలాకలు, వాటిని వంచిన వీరులు

చిక్కడపల్లిలో సొంతిల్లున్న ప్రతివాడి డాబా మీదా పిల్లర్ల నెత్తిన ఇనుప సలాకలు ఆకాశాన్ని పొడుస్తూ నిలబడి ఉంటాయి. పై అంతస్తు వేస్తామని భార్యకిచ్చిన మాటకు అవే సాక్ష్యం. మావి ఎంతకాలం నిలబడ్డాయంటే, వాటి మీద వాలే కాకుల్లో తరాలే మారిపోయాయి. చివరికి ఆ ఏడు మేస్త్రి కుదిరాడు. దసరా వెళ్ళగానే పని మొదలన్నాడు. మా ఆవిడ లేని గదికి కర్టెన్ల రంగు కూడా ఖాయం చేసేసింది.

సరిగ్గా అప్పుడే ఉస్తాద్ దాపురించాడు.

మా కింది గదిలో కిరాయికుండే కుర్రాడు ఎస్సై ఉద్యోగం కోసం అశోక్ నగర్‌లో కోచింగ్ తీసుకునేవాడు. తెలంగాణ వస్తుందా రాదా అని ఊరంతా కొట్లాడుకుంటున్న రోజులు. నోటిఫికేషన్ మాత్రం రాదు. ఖాళీగా ఉన్న కండలకు ఎవడో ఒక గురువు దొరక్క మానడు కదా! నారాయణగూడలో ఒకాయన చేతులతో స్టీలు సలాకలు వంచడం నేర్పుతున్నాడట. వెళ్ళి చూశాను. ఆయనకు మెడ లేదు, తల నేరుగా భుజాల మీద కిరాయికి దిగింది. మీసం ఒక కొస హిమాయత్‌నగర్ వైపు, రెండో కొస లోయర్ ట్యాంక్ బండ్ వైపు. బారెడు సలాకకు తువ్వాలు చుట్టి, తొడకానించి, ఆంబోతులా రంకె వేసి వంచేవాడు. అంత పొడుగుంటే ఎవడికైనా వంగుతుంది. శిష్యుల చేతికి మాత్రం జానెడు ముక్క ఇచ్చేవాడు. అది చచ్చినా వంగదు. "నీల దమ్ము లేదురా" అని తిట్టేవాడు. వాళ్ళు సిగ్గుపడి ఇంకో నెల చేరేవాళ్ళు. ఆ జానెడు ముక్కే ఆయన్ని పోషించేది.

"అన్నా, జర మీ డాబా మీద ప్రాక్టీసు చేస్కుంటం," అన్నాడు కుర్రాడు. సరేనని, మేం ఓ పెళ్ళికి కరీంనగర్ వెళ్ళాం.

తిరిగొచ్చాక బట్టలారేయడానికి పైకెళ్ళిన మా ఆవిడ పెట్టిన కేక క్రాస్‌రోడ్స్ దాకా వినపడి ట్రాఫిక్ ఆగిందంటారు. పరుగెత్తాను. పిల్లర్ల మీది సలాకలన్నీ నడుము వంచి నమస్కారం పెడుతున్నాయి. పక్కన కుర్రాడు చెమటతో మెరిసిపోతున్నాడు.

"చూసిన్రా అన్నా! చేతిల ముక్క వంగలే గని, గివి మైనం లెక్క వంగినయ్! పాతుకున్న సలాకను వంచితే పదింతల బలం వస్తదని ఉస్తాద్ చెప్పిండు."

ఒక కొసను కాంక్రీటు పట్టుకుంటే, రెండో కొసను మా పాలాయన గేదె కూడా తోకతో వంచుతుంది. ఈ సంగతి ఆ మహాగురువుకు తట్టలేదు.

"రేపు మేస్త్రి వస్తుండు. పిలు మీ ఉస్తాద్‌ను. వంచుడు నేర్పినోడే సక్కగ చెయ్యాలె," అంది మా ఆవిడ.

శిష్యబృందంతో ఉస్తాద్ వేంచేశాడు. "పరేషాన్ కాకక్కా. వంచుడు నేర్పినోనికి వంపు తీసుడెంత?" అని తువ్వాలు చుట్టి రంకె వేశాడు. వంగినచోట ఇనుము మొండికేసింది. దాని పక్కనే కొత్త వంపు పుట్టింది. దాన్ని సవరిస్తే ఆపైన ఇంకోటి. పొద్దుగూకేసరికి మా పిల్లర్లన్నీ పాముల పుట్టలయ్యాయి.

మర్నాడు మేస్త్రి చూసి తల పట్టుకున్నాడు. "గీ పాముల మీద ఇల్లు కట్టాల్నా సార్? పిల్లర్ల తలలు పగలగొట్టి, లోపల సక్కగున్న సలాకకు కొత్తది జోడియ్యాలె. గదయ్యేదాంక స్లాబు లేదు."

మా ఆవిడ ఉస్తాద్‌ను మళ్ళీ పిలిపించి సుత్తి, ఉలి చేతిలో పెట్టింది. "ఇగో ఉస్తాద్ గారూ, గిది గూడ కసరత్తే."

ఆయన రంకె పెట్టి ఓ దెబ్బ వేశాడు. అరచెయ్యి చూసుకున్నాడు. "కాంక్రీటు మన లైన్ కాదక్కా," అని మీసంతో సహా మెట్లు దిగిపోయాడు. ఎంత వేగంగా అంటే, రంకె ఇంకా డాబా మీదే ఉండిపోయింది. శిష్యులూ వెనకాలే జారుకున్నారు. కిరాయి గది వదిలి పారిపోలేక మా కుర్రాడొక్కడే మిగిలాడు. పిల్లర్లు పగలగొట్టడానికి వాడికి చలికాలమంతా పట్టింది. ఉస్తాద్ దగ్గర రాని భుజాలు వాడికి అప్పుడొచ్చాయి.

దసరా కర్టెన్లు ఎండాకాలంలో వేలాడాయి. పై వాటాలో ఓ గది కిరాయికిచ్చాం. ఇప్పటికీ గది చూడ్డానికొచ్చిన ప్రతి కుర్రాణ్ణీ మా ఆవిడ ముందు ఒకటే అడుగుతుంది.

"తమ్మీ, నీకేమన్న బలం ఉందా?"

"లేదక్కా."

అప్పుడు తాళంచెవి తీస్తుంది.