హానా పేరు మీద ఎడ్నా పుడ్డింగ్

ఎడ్నా మిడ్జ్లీకి కోపం ఎక్కువని ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ చుట్టుపక్కల రూబార్బ్ అనే పుల్లటి కాడల పంట పండించే వాళ్ళందరికీ తెలుసు. ఆ కోపం ఎందుకని అడిగిన వాళ్ళు మాత్రం లేరు. "ఆవిడ నోరంతేలే" అనేసి ఎవరి పనికి వాళ్ళు పోయేవారు. అడగని వాళ్ళ మీద కూడా ఆవిడకు కోపమే.

ఆవిడ ఈ ఊరి పిల్ల కాదు. యార్క్‌లో చాక్లెట్ ఫ్యాక్టరీ పిల్ల. మిఠాయి బిళ్ళల్ని ఒక్కొక్కటే చేత్తో చాక్లెట్లో ముంచి, పైన వేలికొసతో ఒక మెలిక తిప్పే గదిలో పనిచేసేది. కరిగిన చాక్లెట్ చుక్క కింది పెదవికి తాకించుకుని వేడి సరిపోయిందో లేదో చెప్పేసేది. వాల్టర్ మిడ్జ్లీని పెళ్ళి చేసుకుని ఆ పని వదిలి, రూబార్బ్ షెడ్ల మధ్యకు కాపురానికి వచ్చింది. వచ్చిన మొదటి ఫిబ్రవరిలోనే షెడ్డులో పెరిగిన రూబార్బ్ కాడ కొరికి చూసింది. గోంగూర పులుపు, గులాబీ రంగు, నోట్లో వేస్తే పీచు లేకుండా కరిగిపోయే లేతదనం. దీనికి నల్ల చాక్లెట్ చేదు తోడైతే ఎలా ఉంటుందో ఆ నిమిషంలోనే ఆవిడ నాలుకకు తెలిసిపోయింది.

ఆదివారం ఆ రెండూ కలిపి పుడ్డింగ్ చేసి బల్ల మీద పెట్టింది. అత్తగారు హానా చెంచాతో ఒక అంచు ఎత్తి చూసింది.

"ఏమిటే ఇది, మట్టిముద్దలా?"

"రూబార్బ్, చాక్లెట్ అత్తయ్యా. ఒక్క చెంచా తిని చూడండి."

"ఈ ఇంట్లో రూబార్బ్ కస్టర్డ్‌తో తింటారు. మా అమ్మా అలాగే తింది, మా అమ్మమ్మా అలాగే తింది. మీ యార్క్ సోకులు ఇక్కడ పనికిరావు" అని హానా పళ్ళెం తీసుకెళ్ళి బొగ్గు బూడిద డబ్బాలో బోర్లించి వచ్చింది.

వాల్టర్ అక్కడే కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. కడుతూనే ఉన్నాడు. ఒక మగవాడికి రెండు బూట్ల తాళ్ళు కట్టుకోవడానికి అంతసేపు పడుతుందా? ఎడ్నా ఆ తలకాయ పైకి లేస్తుందేమోనని చూసింది. లేవలేదు. అత్త మీద వచ్చిన కోపం సరే, మొగుడి మీద ఆ రోజు వచ్చిన కోపం ఆయన పోయినా పోలేదు.

ఇంకో పిల్లయితే అక్కడితో మానేసేది. ఎడ్నా ఏటా చేసింది, మొండికి చేసింది. చేసే కొద్దీ చెయ్యి తిరిగింది. జనవరిలో వచ్చే పుల్లల్లాంటి తొలి కాడల్ని వండకుండా, తడి పూర్తిగా తుడిచి, చాక్లెట్లో సగం వరకు ముంచి ఆరబెట్టేది. ఫిబ్రవరి కాడలకు నారింజ తొక్క, పంచదార చల్లి, పొయ్యిలో మెత్తబడీ పడకముందే తీసి, జల్లెడలో వేసి రసమంతా కారిపోయేదాకా వదిలేసి, తర్వాతే చాక్లెట్ పుడ్డింగ్‌లో పొదిగేది. తొందరపడితే అంతే సంగతులు, ఒక్క నీటిచుక్క పడినా కరిగిన చాక్లెట్ ఇసకలా విరిగి కూర్చుంటుంది. మార్చి చివర్లో లావుపాటి కాడలు వస్తాయి. వాటిని గిన్నెలో చాక్లెట్ పిండితో కలిపి ఆవిరికి పెట్టేది. ఏప్రిల్ వచ్చి షెడ్లు ఖాళీ అయ్యాక ఎవరెంత బతిమాలినా చేసేది కాదు. వేసవిలో బయట పొలంలో పెరిగే పచ్చ కాడలు పట్టుకొచ్చిన వాళ్ళను గుమ్మంలోంచే పంపేసేది.

హానా బతికినన్నాళ్ళూ ఒక్క చెంచా నోట పెట్టలేదు. ఇంటికి ఎవరొచ్చినా, "మా కోడలు మంచి రూబార్బ్‌ని బురదలో ముంచుతుంది, తినకండి" అని ముందే చెప్పేది. హానా పోయాకే ఎడ్నా తన పుడ్డింగ్‌ని ప్రార్థన మందిరం టీ విందుకు ధైర్యంగా తీసుకెళ్ళింది. గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది. ఆ రోజు నుంచి పక్కింటి మేవిస్ ప్రతి ఫిబ్రవరికీ గిన్నె పట్టుకుని దొడ్డి గుమ్మంలో తయారు.

ఇక కొడుకు రసెల్. వాడు చిన్నప్పుడు ఆ గిన్నె అడుగున అంటుకున్నదాన్ని వేలితో గీరి గీరి నాకినవాడు. ఇప్పుడు షెడ్లన్నీ వాడి చేతిలో ఉన్నాయి. తెలివైనవాడే. సంగతి చెప్పడానికి వాడు ఎంచుకున్న చోటు చూస్తే ఎంత తెలివైనవాడో అర్థమవుతుంది.

రూబార్బ్ షెడ్డులో చీకటి తప్ప ఇంకేమీ ఉండకూడదు. వెలుతురు తగిలితే కాడ సాగడం మానేసి ఆకు విప్పుకుంటుంది, గులాబీ రంగు పోతుంది. అందుకని కొవ్వొత్తి వెలుగులోనే కాడలు లాగుతారు. ఆ చీకట్లో, ఆ వెచ్చదనంలో మొగ్గలు విచ్చుకునే చిటపట కూడా వినిపిస్తుంది. అక్కడ ఎవరూ గొంతు పెంచరు. మిడ్జ్లీల ఇంట్లో అదొక అలవాటు, ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఎంత కోపం వచ్చినా షెడ్డులో గుసగుసలే. విసురుగా తలుపు తీసుకుని పోవడానికీ లేదు, బయటి వెలుతురు లోపల పడుతుంది. రసెల్ సరిగ్గా అక్కడే, తల్లి ఒంగి కాడ మొదట్లో వేలు దూర్చి మెలిపెట్టి లాగుతుంటే నోరు విప్పాడు.

"అమ్మా, ఈసారి బజారులో రూబార్బ్ పండగకు మన స్టాల్ పెద్దగా పెడుతున్నా. నీ పుడ్డింగే అసలు సరుకు."

"పెట్టు. చేస్తాలే."

"బ్యానర్ కూడా రాయించా. 'హానా నాయనమ్మ రూబార్బ్ చాక్లెట్ పుడ్డింగ్' అని. శాలువా కప్పుకున్న ఆ పాత ఫొటో ఉంది చూడు, అది వేయించా."

ఎడ్నా చేతిలో కాడ అలాగే ఉండిపోయింది.

"ఎవరి పుడ్డింగ్ అన్నావు?"

"అబ్బా, అది పేరుకే కదమ్మా. జనానికి పాతకాలం నాయనమ్మ కావాలి. శాలువా, బొగ్గు పొయ్యి, ఆ కథ కావాలి. నీ ఫొటో పెడితే ఎవరు ఆగి చూస్తారు చెప్పు?"

"ఒరేయ్, ఆవిడ దాన్ని బూడిద డబ్బాలో పోసిందిరా!"

"గొంతు తగ్గించమ్మా. షెడ్డులో ఉన్నాం."

ఆ మాటకు ఎడ్నా ఒళ్ళంతా మండిపోయింది. గొంతు తగ్గించాలట! తగ్గించే కదా ఇన్నేళ్ళూ బతికింది. అయినా అలవాటు ఎంత పాడుదో చూడండి, ఆవిడ గుసగుసగానే తిట్టింది. "సిగ్గులేని వెధవా, నా చేతి ముద్ద తిని పెరిగి, నా చేతినే నరుకుతావా?" అంది. ఆ చీకట్లో, ఆ గుసగుసలో అది తిట్టులా కాక జోలపాటలా వినపడి ఉంటుంది వాడికి. నవ్వి, భుజం తట్టి వెళ్ళిపోయాడు.

అయినా పండగకు పుడ్డింగ్‌లు చేసింది. ఎందుకు చేశావని తర్వాత మేవిస్ తిడితే, "కాడలు లాగేశాను కదే, కుళ్ళబెట్టనా?" అంది. నిజం అది కాదు. తీరా జనం ముందు నిలబడ్డాక వాడి నోటివెంట తన పేరు రాకపోతుందా అని లోలోపల ఒక ఆశ.

వేక్‌ఫీల్డ్ బజారులో చలి కొరికేస్తోంది. స్టాల్ మీద హానా ఇంత పెద్ద ముఖంతో అందర్నీ చూస్తోంది. కింద ఏప్రన్ కట్టుకుని ఎడ్నా ముక్కలు కోస్తోంది. జనం వరస కట్టారు. ఒకావిడ తిని కళ్ళు మూసుకుని, "మీ అత్తగారిది ఎంత గొప్ప చెయ్యండీ!" అంది.

ఎడ్నా కొడుకు వైపు చూసింది. వాడు వింటూనే ఉన్నాడు. "అవునండీ, మా నాయనమ్మ చెయ్యే చెయ్యి" అన్నాడు.

అంతే. ఎడ్నా కత్తి పక్కన పెట్టింది. ఇక్కడ షెడ్డు లేదు, చీకటి లేదు.

"వినండర్రా!" అని అరిచింది. "ఈ ఫొటోలో ఉన్న ముసలమ్మ దీన్ని చచ్చేదాకా నోట పెట్టలేదు! బురద అంది! బూడిదలో పోసింది! దీన్ని చేసింది నేను, ఎడ్నా మిడ్జ్లీని! విన్నారా?"

ఒక్క క్షణం అందరూ నోళ్ళు తెరిచారు. తర్వాత గొల్లున నవ్వారు. చప్పట్లు కొట్టారు. అదంతా స్టాల్ వాళ్ళు కట్టిన వేషమనుకున్నారు. "భలే అత్తాకోడళ్ళు!" అన్నాడు ఒకాయన. ఇంకొకడు మళ్ళీ అనమని ఫోన్ పైకెత్తాడు. ఎడ్నా ముఖం కందిపోతే అది కూడా నటనే అనుకుని మెచ్చుకున్నారు. ఎవడో ఈల వేశాడు.

పుడ్డింగ్‌లు మధ్యాహ్నానికే అయిపోయాయి. రసెల్ సంబరంగా వచ్చి తల్లి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అమ్మా, ఇరగదీశావు! రేపు కూడా అదే మాట అను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నేను వేళలు రాసి బోర్డు పెడతా."

ఎడ్నా చేతులు విడిపించుకుంది. ఏప్రన్ ముడి విప్పి, మడతపెట్టి, హానా ఫొటో కింద బల్ల మీద పెట్టింది.

"రేపు మీ నాయనమ్మనే వచ్చి చెయ్యమను" అని బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దుటినుంచి ఫోన్ మోగుతూనే ఉంది. ఎడ్నా ఎత్తలేదు. గిన్నెలన్నీ తోమింది, తోమినవే మళ్ళీ తోమింది. సాయంత్రం మేవిస్ టోపీ కూడా తీయకుండా, ఆయాసపడుతూ వచ్చి కూర్చుంది.

"స్టాల్ దగ్గరికి వెళ్ళానే. ఖాళీ బల్ల. ముసలమ్మ ఫొటో ఒక్కటే వెర్రిచూపులు చూస్తోంది. జనం మాత్రం వస్తూనే ఉన్నారు. పుడ్డింగ్ ఏదీ, పుడ్డింగ్ ఏదీ అని వాణ్ణి పీకి పాకం పెడుతున్నారు."

"వాడేమన్నాడు?"

"ముందు ఏవో సాకులు చెప్పాడు. పొయ్యి పాడయిందన్నాడు. అంత చెయ్యి తిరిగిన కుటుంబం కదా, నువ్వే ఒకటి చేసి పెట్టు బాబూ అంది ఒకావిడ. ఇక తప్పక చెప్పాడు."

"ఏమని?"

"మా అమ్మ చేసేదండీ, ఇంకెవరికీ రాదు, ఆవిడ ఇవాళ రాలేదు అన్నాడు."

గిన్నె తోముతున్న ఎడ్నా చెయ్యి ఆగింది. కోపమేమీ తగ్గలేదు. ముఖం అలాగే ముడుచుకుని ఉంది. గిన్నె తుడిచి బోర్లించి, చేతులు తుడుచుకుని, మేవిస్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"వరస ఎంత పొడుగుందే?" అని అడిగింది.