పరీక్షల బావ పాత వ్యాను

పరీక్ష పెట్టనిదే పూచికపుల్లను కూడా నమ్మని మనిషి పరీక్షల బావ. గొడుగు కొంటే వాన పడేదాకా దుకాణం మెట్లు దిగడు. కుర్చీ కొంటే ముందు బావమరిదిని కూర్చోబెడతాడు. బావమరిది భారీమనిషి, పైగా ఇంటిమనిషి. కింద పడ్డా విషయం బయటికి పొక్కదు.

బస్సు షెడ్డులో మెకానిక్కుగా పనిచేసి రిటైరైన బావ, ఒకనాడు లోపలే వండుకుని పడుకునే వీలున్న పాత క్యాంపర్ వ్యాను కొనుక్కొచ్చాడు. దానికి కారణముంది. ఆయన భార్యకు, అంటే బావమరిది అక్కకు, చెల్లెలంటే ప్రాణం. ఆ చెల్లెలు కొండమీద చలి ఊళ్లో ఉంటుంది. మంచం పట్టిన అత్తగారిని వదిలి రాలేదు. ఒంటిగది ఇల్లు కనుక ఎవరైనా వెళితే పడుకోను చోటుండదు. ఇక అక్క చూస్తే, తానెక్కిన బస్సు బోల్తాపడిన నాటినుంచి చక్రాలున్న దేన్నీ ఎక్కలేదు. ఎంత దూరమైనా నడకే. ఫోనులో చెల్లెలి ముఖం చూసి కళ్లొత్తుకునేది.

బావ పనితనం గురించి ఎంత చెప్పినా తక్కువే. తుప్పుపట్టిన నేల కోసేసి కొత్త రేకు అతికాడు. గోడరేకుకీ లోపలి చెక్కకీ మధ్య ఉన్ని దట్టించాడు. కిటికీలకు జంట అద్దాలు వేశాడు, సీటు కింద డీజిల్ హీటరు, కప్పుమీద సోలార్ పలకలు పెట్టాడు. రాత్రి ఊపిరి ఆవిరికి గోడలు చెమర్చకుండా ఓ చిన్న ఫ్యానూ బిగించాడు. ఏ కాలమైనా, ఏ కొండయినా ఇక ఆ బండికి అడ్డులేదు. ఇదంతా ఒంటిచేత్తో చేశాడు. బావమరిది చెయ్యి లెక్కలోకి రాదు.

ఆ చెయ్యి పరీక్షలకే పనికొచ్చింది. వాన పరీక్షకు అతణ్ణి లోపల పెట్టి తలుపులేసి, కప్పుమీద గొట్టంతో నీళ్లు కొట్టాడు.

"ఎలా ఉంది?"

"తల తడిసింది బావా."

"కుడివైపా, ఎడమవైపా? సరిగ్గా చెప్పు."

చలి పరీక్షకు ఐసు దిమ్మల మధ్య కూర్చోబెట్టి హీటరు వేశాడు.

"కాళ్లు గడ్డకడుతున్నాయి బావా."

"కాళ్లున్నట్టు తెలుస్తోందిగా. హీటరు పనిచేస్తున్నట్టే."

తర్వాతి వంతు అక్కది. "నేను ఎక్కను" అందావిడ.

"ఎక్కమనలేదు. ఊరికే కూర్చుని ఎక్కడ చప్పుడొస్తోందో చెప్పు. నా చెవులు షెడ్డులోనే పోయాయి."

"బండి కదిలితే దిగిపోతాను."

"ఇంజనే వేయను."

అన్నట్టే బయట నిలబడి బండిని చేత్తో ఊపాడు. అక్క చెవి రిక్కించి, "ఆ అలమర తలుపండీ. కాదు, కింది సొరుగు" అని పట్టేసింది. కొన్నాళ్లకు, ఆగిన బండిలో ఇంజను వేస్తే గాని తెలియని చప్పుడొచ్చింది. ఆ తర్వాత గేటుదాకా నడిపితే గాని తెలియనిది, ఆపైన వీధి చివరిదాకా వెళితే గాని దొరకనిది. మొదట్లో కళ్లు మూసుకుని సీటు పట్టుకు వేలాడిన అక్క, "ఇంకాస్త స్పీడుగా పోనివ్వండి, సరిగ్గా వినపడట్లేదు" అనేదాకా వచ్చింది.

బావమరిదికి నవ్వాగలేదు. "ఇన్నేళ్లు బస్సులు బాగుచేసింది నువ్వేనా బావా? ఒక మూల ఆపితే ఇంకో మూల మోగుతోంది. నీ బస్సులెక్కినవాళ్లకు దండం పెట్టాలి."

మర్నాడు పొద్దున అతను వ్యానులోకి తొంగిచూసేసరికి బావ స్క్రూడ్రైవరు పట్టుకుని గిన్నెల అర ముందు కూర్చుని ఉన్నాడు. బిగించడం లేదు. వదులు చేస్తున్నాడు.

"ఇదేంటి బావా?"

"నెమ్మదిగా మాట్లాడవయ్యా. మీ అక్క వినడానికి ఏదో ఒకటి ఉండాలా వద్దా? చప్పుడు వెతికేటప్పుడు ఆవిడకు రోడ్డు గుర్తుండదు."

బావమరిది బావ చేతిలోని స్క్రూడ్రైవరు తీసుకుని పక్క అర స్క్రూ కూడా ఓ చుట్టు వదులు చేశాడు.

నడి చలికాలంలో ముగ్గురూ బయల్దేరారు. కొండదారిలో ఒక మలుపు దగ్గర కిందికి చూసి అక్క ముఖం పాలిపోయింది. బావ రోడ్డుమీంచి చూపు తిప్పకుండానే, "వెనక ఏదో మోగుతున్నట్టుందే" అన్నాడు. "చెవులు లేకపోయినా మాటలకు తక్కువ లేదు. అది గిన్నెల అర" అంటూ ఆవిడ వెనక్కి తిరిగింది. మళ్లీ ముందుకు తిరిగేసరికి మలుపు దాటిపోయింది.

గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చిన చెల్లెలు అక్కను వాటేసుకుని, "బండెక్కావా అక్కా? ఎలా ఎక్కావు?" అంది.

"ఏం చెయ్యనే? మీ బావ పని నమ్మడానికి లేదు. చప్పుడల్లా పట్టుకుంటూ, దగ్గరుండి నేనే తీసుకొచ్చాను."

బావమరిది నోరు తెరవబోతే బావ కాలు తొక్కాడు. "నిజమేనమ్మా" అన్నాడు వినయంగా.

అక్క అప్పటికే చెల్లెలి చెయ్యి పట్టుకుని వ్యానువైపు లాగుతోంది. "పద, వీధి చివరిదాకా ఓ చుట్టు వేసొద్దాం."

"పాతబండిలా ఉంది కదక్కా..."

"భయమెందుకే, నేను పక్కనుండగా?"