హంసల సీనరీ వెనకాల

నా చిన్నప్పుడు మా ఇంటి ముందుగదిలో, నేల నుంచి కప్పు దాకా గోడంతా ఒక సరస్సు ఉండేది. ఎర్రటి ఆకుల చెట్లు, వెనక మంచు కొండలు, నీళ్ళ మీద జంట హంసలు. కాగితం మీద అచ్చువేసిన ఆ బొమ్మని అప్పట్లో అందరూ సీనరీ అనేవాళ్ళు. ఇంటికొచ్చినవాళ్ళు దాని ముందు నిలబడి ఎంత బాగుందో అని మెచ్చుకునేవాళ్ళు. నాకు మాత్రం ఈరోజుకీ హంస బొమ్మ కనిపిస్తే ముఖం తిప్పేసుకుంటాను. పెద్దమ్మకి హంసలంటే అసహ్యమేమిటని మా చెల్లెలి పిల్లలు నవ్వుతారు. అసహ్యమే మరి. ఆ సరస్సు కంపు పీల్చింది నేను, వాళ్ళు కాదు.

మాది గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబం. మా నాన్నది ప్రభుత్వ ఉద్యోగం. కొండాపూర్‌లో ఇళ్ళ కంటే బండలే ఎక్కువగా ఉన్న రోజుల్లో స్థలం కొని చిన్న ఇల్లు కట్టించారు. తొంభైల చివరికొచ్చేసరికి మా చుట్టూ పొద్దస్తమానం ఆ బండల్ని పేల్చేవాళ్ళు. అద్దాల మేడలు లేస్తున్నాయని పేపర్లు రాసేవి. మా ఇంట్లోకి మాత్రం ఆ మేడల దుమ్ము తప్ప ఇంకేమీ వచ్చేది కాదు. అయినా మా నాన్నకి అదొక పట్టుదల. చుట్టూ ఇంత జరుగుతుంటే మన ఇల్లు ఇలా బోసిగా ఉండటమేమిటని ఆయన బాధ.

ఇంటిని ఎవరికి వారే ముస్తాబు చేసుకోవడం ఎలాగో చెప్పే పేజీ ఒకటి వారపత్రికలో వచ్చేది. మా నాన్న దాన్ని భక్తిగా చదివేవారు. ఆదివారం వస్తే చాలు, సుత్తీ మేకులూ బయటికొచ్చేవి. ఆయన బాగుచేసిన వంటింటి సొరుగు ఆ తర్వాత ఎవరికీ తెరుచుకోలేదు. ఆయన అతికించిన కుర్చీలో కూర్చుని మా మావయ్య కింద పడ్డాడు. విరిగిన కుర్చీకాలికి రంగుకాగితం చుట్టి, ఇప్పుడు చూడండి విరిగినట్టే లేదు అన్నారు మా నాన్న. ఆయన బాగుచేయడం చాలావరకు అలాగే ఉండేది. లోపలి సంగతి లోపలే ఉండగా పైన అందంగా ఒకటి కప్పేవారు.

ముందుగది గోడకి అవతల స్నానాలగది. గోడలోని పైపు ఎక్కడో కారి, గోడ చెమ్మెక్కి, సున్నం బుడగలుబుడగలుగా లేచి రాలేది. గోడ పగలగొట్టించి పైపు చూపిద్దామని మా అమ్మ అంది. ముచ్చటపడి కట్టించుకున్న ఇంటి గోడ పగలగొట్టడానికి నాన్నకి చేతులు రాలేదు. ఆ వారమే పత్రికలో సీనరీ గురించి వచ్చింది. చెమ్మ పీల్చడానికి గోడకి పాత పేపర్లు మందంగా అంటించాలి, దాని ముందు చెక్క పట్టీలు కొట్టి ప్లైవుడ్ బిగించాలి, ఆ ప్లైవుడ్ మీద సీనరీ అంటించాలి. అంతే, చూడముచ్చటైన గోడ తయారు.

సీనరీ కొనడానికి సిటీలోకి వెళ్ళినప్పుడు నేనూ వెంట వెళ్ళాను. కొట్టాయన కాగితం చుట్టి ఇస్తూ, మైదాతో లయి కాచుకోమన్నాడు. లయి అంటే జిగురు అని అప్పటికి మాకు తెలుసు. "లయి ల జర నీలాతోత కలుపుండ్రి సార్, లేకుంటే ఖరాబ్ అయితది" అన్నాడు. మా నాన్న అన్నీ తెలిసినవాడిలా తలూపారు. బస్సులో కూర్చున్నాక మాత్రం చాలాసేపు ఆలోచించి, నీలా అంటే నీలం, తోత అంటే చిలక, కాబట్టి చిలక మార్కు నీలిమందు అయ్యుంటుందని తేల్చారు. మా ఇంటి పక్కనే ఉన్న కొత్తగూడలో దిగి కిరాణా కొట్టులో చిలక మార్కు నీలిమందు ఉందా అని అడిగితే, ఆ మార్కు లేదు గానీ తెల్లబట్టలకి పెట్టే నీలం ఏదైనా ఒకటేనని అతను ఒక పొట్లం చేతిలో పెట్టాడు. జిగురులోకి బట్టల నీలం ఎందుకని నేను అడిగాను. కాగితం తెల్లగా నిగనిగలాడటానికని నాన్న చెప్పారు. ఆయన అంత ధీమాగా చెబితే నమ్మక చస్తామా.

వంటింట్లో పెద్ద గిన్నె నిండా నీలంరంగు లయి కుతకుత ఉడికింది. దాన్ని గోడకి పూతలుపూతలుగా పూసి పేపర్లు అంటించారు. ప్లైవుడ్ ఎక్కింది, సరస్సు వెలిసింది. నిజం చెప్పొద్దూ, ఆ రోజు మా అందరికీ ఇల్లు వేరే ఇల్లులా కనిపించింది. అడుగున నేలకీ ప్లైవుడ్‌కీ మధ్య వేలెడు సందు మిగిలింది గానీ దాన్ని ఎవరం పట్టించుకోలేదు.

ఆ గదిలోనే మా అమ్మ సంగీతం పాఠాలు మొదలుపెట్టింది. పెళ్ళికి ముందు ఎన్నో ఏళ్ళు నేర్చుకుని, పెళ్ళయ్యాక గొంతు విప్పే తీరికే లేకుండా పోయిన మనిషి. చుట్టూ అపార్ట్‌మెంట్లు వచ్చి, వాటితో పాటు పిల్లలూ రావడంతో ఆవిడకి మళ్ళీ ఆశ పుట్టింది. శ్రుతిపెట్టె దుమ్ము దులిపింది. వినాయకచవితి పందిట్లో మీ పిల్లల చేత పాడించండి అని కాలనీవాళ్ళు అడిగిన రోజు ఆవిడ పొయ్యి మీద పాలు పొంగిపోయేదాకా నవ్వుతూనే నిలబడింది. మా అమ్మ తనకంటూ ఏదైనా కోరుకోవడం నేను చూడటం అదే మొదలు. ముక్కుతో పాడకూడదు, ముక్కు నిండా ఊపిరి పీల్చి నోరంతా తెరిచి పాడాలి అనేది ఆవిడ మొదటి పాఠం.

అప్పుడు వానలు పట్టుకున్నాయి. వానలతో పాటు సరస్సు వెనక చప్పుళ్ళు మొదలయ్యాయి. గీరుడు, కొరుకుడు, పేపర్లు చించుతున్న సద్దు. నాన్న పరీక్షగా చూసి, ఎలకలకి అడుగున ఉన్న సందే దారి అని కనిపెట్టారు. ఒక ఆదివారం లప్పం కలిపి, కిటికీ చట్రాల్లో పగుళ్ళు పూడ్చినంత శ్రద్ధగా, ఆ సందు ఈ చివర నుంచి ఆ చివర దాకా పూడ్చేశారు. లోపల ఉన్నది బయటికి వచ్చిందా లేదా అని చూడాలని ఆయనకి తోచలేదు.

చప్పుళ్ళు ఆగిపోయాయి. కొన్నాళ్ళకి వాసన మొదలైంది. ముందు ఏదో పాచి వాసన అనుకున్నాం. తర్వాత అది తీపిగా మారింది. కుళ్ళినదానికి ఒక తీపి ఉంటుంది, గొంతులో జిడ్డులా అంటుకుంటుంది, మంచినీళ్ళు తాగినా పోదు. ఆ గదిలో కూర్చుని లేస్తే జడలోంచి కూడా అదే కంపు. నాకు అన్నం సయించేది కాదు. పెరుగన్నం నోట్లో పెట్టుకుంటే హంసలు గుర్తొచ్చేవి. పక్కింటి అత్త, కొత్తగూడలోనే పుట్టి పెరిగిన మనిషి, ఒకరోజు తోడుకి మజ్జిగ కోసం వచ్చి గుమ్మంలోనే ఆగి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "ఏంది వదినె, ఇంట్ల ఏమన్న సచ్చిందా?" అంది. అమ్మ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మా నాన్న మాత్రం వాసనే లేదన్నారు. కొత్త ప్లైవుడ్ కదా, కొన్నాళ్ళు అలాగే ఉంటుందన్నారు. మర్నాడు మల్లె అగరుబత్తులు తెచ్చారు. ఆ మర్నాడు ఫినాయిలు, తర్వాత కలరా ఉండలు, ఆ తర్వాత డబ్బాలోంచి బుస్సుమని కొట్టే సెంటు. అయ్యో, ఆ కలగలుపు కంపు ఎలా చెప్పను. కుళ్ళు ఒక్కటే అయితే భరించవచ్చేమో. కుళ్ళు మీద మల్లెపూలు చల్లితే మాత్రం మనిషి తట్టుకోలేడు. వాసన ఉన్నందుకు కాదు గానీ, ఉన్నదాన్ని లేదని మా చేత అనిపించబోయినందుకు నాకు మా నాన్న మీద రోత పుట్టింది. కన్నతండ్రి మీద అలాంటి మాట రాస్తున్నానని తెలుసు. ఆ వయసులో నాకు కలిగింది అదే.

సంగీతం క్లాసుకి వచ్చే పిల్లలు నిజంగానే ముక్కున వేలేసుకుని పాడటం మొదలుపెట్టారు. ముక్కుతో పాడకూడదని నేర్పిన గదిలో అందరూ ముక్కులు మూసుకుని సా అంటుంటే అమ్మ శ్రుతిపెట్టె ఆపి తల వంచుకునేది. ఒక్కొక్కరే మానేశారు. ఒకరికి జ్వరం, ఒకరికి పరీక్షలు, ఒకరికి దూరం. చవితి ముంచుకొస్తుంటే మిగిలింది గుప్పెడు మంది. ఒక తల్లి అయితే గుమ్మం దాటి లోపలికి రాకుండానే, వచ్చే నెల నుంచి పంపలేమండీ అని చెప్పి వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళిన తర్వాత అమ్మ చాలాసేపు వాకిట్లోనే నిలబడింది. ఏడవలేదు, నాన్నతో పోట్లాడలేదు.

ఆ ఆదివారం పొద్దున పాఠం మొదలయ్యే ముందు అమ్మ వరండాలోకి వెళ్ళి, పేపరు చదువుకుంటున్న నాన్నని పిలిచింది. "ఏవండీ, ఈ వేళ మీరూ వచ్చి కూర్చోండి. కింద స్థాయిలో ఒక మగగొంతు ఆధారంగా ఉంటే పిల్లలకి శ్రుతి నిలుస్తుంది" అంది. నాన్న మురిసిపోయారు. ఆయనకి బాగా పాడతానని ఒక నమ్మకం ఉండేది. చాప వేసింది అమ్మే. సరిగ్గా హంసల కింద, ప్లైవుడ్‌కి వీపు ఆనేంత దగ్గరగా వేసింది. మమ్మల్ని మాత్రం కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. ఆ రోజు అగరుబత్తి వెలిగించలేదు.

సా పట్టమంది. నాన్న పట్టారు. చాల్లేదు, ఊపిరి సరిపోవడం లేదంది. "ముక్కుతోనే పీల్చండి. నెమ్మదిగా. పొట్ట నిండాలి." ఆయన పీల్చారు. ముఖం మారింది గానీ పాడారు. ఇంకొంచెం నిలపాలి, పిల్లలు మిమ్మల్నే చూస్తున్నారు, ఇంకా లోతుగా పీల్చండి అంది అమ్మ. ఆ గొంతులో వెటకారం వీసమంతైనా లేదు. ఏ పిల్లవాడికైనా ఎంత ఓపికగా చెబుతుందో అలాగే చెప్పింది. నాన్న మూడోసారి గుండెల నిండా పీల్చారు. సా సగంలో తెగింది. చాప మీంచి లేచి పెరట్లోకి పరుగెత్తారు. ఆయన వాంతి చేసుకుంటున్న చప్పుడు మాకు లోపలికి వినిపించింది. ఎవరం నవ్వలేదు. అమ్మ చెంబుతో నీళ్ళు తీసుకుని వెళ్ళి, ఆయన వీపు నిమురుతూ నిలబడింది.

తిరిగొచ్చి నాన్న నేరుగా హంసల ముందుకి వెళ్ళారు. మేకులు పీకే కొక్కెం తీసుకుని ప్లైవుడ్ ఊడబెరికారు. హంసలు మధ్యకి చిరిగిపోయాయి. లోపల చూసింది నేను ఎంత మరిచిపోదామన్నా మరిచిపోలేను. పేపర్లు ముద్దలుముద్దలుగా కుళ్ళి వేలాడుతున్నాయి. పగటి వెలుతురు పడగానే బొద్దింకలు గోడంతా పాకుతూ చెల్లాచెదురయ్యాయి. లప్పం పూడ్చిన చోట, అవతలికి పోవడానికి కొరికి కొరికి, అక్కడే ప్రాణం వదిలిన పందికొక్కు ఒకటి. ఒళ్ళు ఉబ్బి, వెంట్రుకలు ఊడి ఉంది, దాని నిండా కదులుతున్న పురుగులు. దాని మూతీ పళ్ళూ మీసాలూ నీలం. గోడ మీద ఇటూ అటూ తిరిగిన అడుగుల జాడలన్నీ నీలం. మా నాన్న వండిన లయిని అది వానలు మొదలైన దగ్గర్నుంచి విందుగా తిన్నట్టుంది.

పక్కింటి అత్త పరుగున వచ్చింది. ఆ నీలం చూసి ఇదేందని అడిగితే, నాన్న మొదటిసారి జరిగింది జరిగినట్టు చెప్పారు. కొట్టాయన మాట, చిలక మార్కు, బట్టల నీలం అన్నీ చెప్పారు. అత్త నోరు తెరిచింది. "అయ్యో అన్నా, నీలాతోత అంటే చిలుక గాదు. మైలుతుత్తం. ఇసం అది. గా ఇసం కలిపితే పురుగు గూడ ముట్టది" అంది. కొట్టాయన్ని అడగాల్సింది, అడగడానికి సిగ్గేసింది అన్నారు నాన్న. ఆ పందికొక్కుని తీయడానికి ఎవరినీ పిలవనివ్వలేదు. తానే తీశారు, తానే పూడ్చిపెట్టారు, గోడంతా తానే గీకారు. మర్నాడు మేస్త్రీని పిలిపించి, ఒకప్పుడు ముట్టడానికి చేతులు రాని ఆ గోడనే పగలగొట్టించి పైపు మార్పించారు.

చవితి పందిట్లో గుప్పెడు మంది పిల్లలమే పాడాం. మానేసినవాళ్ళు ఆ యేడు తిరిగి రాలేదు. మైకులో మా గొంతులు సన్నగా వినిపించాయి, కొంతమంది మాటల్లో పడి వినలేదు కూడా. అయినా అమ్మ ముందు వరసలో కూర్చుని మాతో పాటు ఊపిరి పీలుస్తూ, వదులుతూ ఉంది. ఆవిడ పక్కనే మా నాన్న తొడ మీద తాళం తప్పుగా వేస్తూ కూర్చున్నారు.

ఆ గోడకి మళ్ళీ ఏ సీనరీ ఎక్కలేదు. సున్నమే వేశారు. గీకినా పోని నీలం ఎక్కడో మిగిలి, ప్రతి వానాకాలం సున్నంలోంచి మచ్చలుగా పైకొచ్చేది. ఇదేమిటని ఎవరైనా అడిగితే మా నాన్న తానే ముందుగా, అది నేను చేసిన ఘనకార్యం అని మొదలుపెట్టి, పందికొక్కు మీసాల దాకా దాచకుండా చెప్పేవారు. ఆ కథ చెబుతున్న మనిషి మీద నాకు రోత కలగలేదు. ఎప్పుడు పోయిందో తెలియకుండానే పోయింది.

మల్లె అగరుబత్తి మీద రోత మాత్రం పోలేదు. ఇప్పుడు మా పాత కాలనీ చుట్టూ లేచిన అద్దాల మేడల్లోకి ఏదైనా పని మీద వెళితే, తలుపు తెరుచుకోగానే చల్లగాలితో పాటు సెంటు వాసన ముఖాన కొడుతుంది. ఇక్కడ ఏం చచ్చిందో అనే నాకు ముందు తోస్తుంది. మా ఇంట్లోనూ అంతే. ఏదో జరిగి, అందరూ ఏమీ లేదు ఏమీ లేదు అని తలలు తిప్పుకుంటున్నప్పుడు నేను గొడవపడను, అమ్మలాగే చాప వేస్తాను. ముందు నేనే, ఉన్నదాన్ని ఉందని చెప్పి, వాసన వస్తున్న చోట కూర్చుని, ముక్కు నిండా ఊపిరి పీల్చి, సా పడతాను.